ఎలుకల టీఎస్‌హెచ్ ఎలైసా కిట్: పెరిగితే చెబుతుంది, తగ్గితే చెప్పదు

ప్రయోగశాల ఎలుకల సీరంలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోన్‌ను కొలవడానికి అమ్మే ఒక ఎలైసా (యాంటీబాడీలతో పట్టి, రంగుతో కొలిచే పద్ధతి) కిట్‌ను, అదే కంపెనీ తయారుచేసే ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి తోడ్పడే పీయూష హార్మోన్) కిట్‌ను, వేరొక చోట కొన్న కృత్రిమ టీఆర్‌హెచ్ పొడిని కలిపి ఒకే ప్రయోగంలో వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. టీఆర్‌హెచ్ (థైరోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్) అనేది మెదడులోని హైపోథలామస్ తయారుచేసి పీయూష గ్రంథికి పంపే హార్మోన్. అది అందగానే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను రక్తంలోకి వదులుతుంది. టీఎస్‌హెచ్ మెడలోని థైరాయిడ్‌ను పని చేయిస్తుంది. థైరాయిడ్ నుంచి వచ్చే టీ4, టీ3 హార్మోన్లు తిరిగి హైపోథలామస్‌నూ పీయూష గ్రంథినీ అణచి ఉంచుతాయి. ఈ వలయంలో ఒక మందు గానీ రసాయనం గానీ ఎక్కడ జోక్యం చేసుకున్నదో తెలియాలంటే టీఎస్‌హెచ్ విలువ పెరిగినప్పుడే కాక తగ్గినప్పుడు కూడా నమ్మదగినదై ఉండాలి. కిట్‌కు పెట్టే డబ్బు ఆ నమ్మకం కోసమే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఈ తరహా కిట్లలో మరికొన్నింటిలోనూ ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఒక్క పేరు బయటపెడితే మిగిలినవన్నీ మంచివన్న తప్పుడు భరోసా కలుగుతుంది. చదివేవారు తాము కొన్న కిట్‌ను ఏ పరీక్షలకు నిలబెట్టాలో చెప్పడం అంతకంటే ఉపయోగమని నా అభిప్రాయం.

ఒకప్పుడు వినాళగ్రంథులపై పరిశోధించే కొద్దిమందికే ఈ కిట్లతో పని ఉండేది. ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) ఎలుకలపై తొంభై రోజుల విషప్రభావ పరీక్షకు ఇచ్చే 408వ మార్గదర్శకాన్ని 2018లో సవరించి టీ4, టీ3, టీఎస్‌హెచ్ కొలతలను అందులో చేర్చిన తరువాత పరిస్థితి మారింది. హైదరాబాద్ చుట్టుపక్కల విదేశీ కంపెనీల కోసం భద్రతా పరీక్షలు చేసే కాంట్రాక్టు ప్రయోగశాలలకు కూడా ఎలుకల టీఎస్‌హెచ్ నిత్యావసరమైంది. గిరాకీ పెరిగితే సరుకు పెరుగుతుంది. సరుకు పెరిగినంత మాత్రాన నాణ్యత పెరగదు. అందువల్ల డబ్బాపై ముద్రించిన సున్నితత్వపు అంకెను చూసి ఆర్డరు పెట్టేవారికి ఈ సమీక్ష కొంత పనికి వస్తుందని ఆశిస్తున్నాను.

మనుషుల టీఎస్‌హెచ్ కిట్ ఏ డయాగ్నస్టిక్ సెంటరులోనైనా ఉంటుంది కదా, దానితోనే కొలవకూడదా అని కొత్తగా చేరిన విద్యార్థులు అడుగుతుంటారు. టీఎస్‌హెచ్ రెండు గొలుసుల ప్రోటీన్. ఆల్ఫా గొలుసు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంతానోత్పత్తి హార్మోన్లలోనూ ఉండే ఉమ్మడి గొలుసు. టీఎస్‌హెచ్‌కు ప్రత్యేకతనిచ్చేది బీటా గొలుసు. మనిషి బీటా గొలుసును గుర్తించేలా తయారుచేసిన యాంటీబాడీ ఎలుక బీటా గొలుసును సరిగా పట్టుకోదు. కాబట్టి ఎలుకకు ఎలుక కిట్టే కావాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది: కిట్‌లోని యాంటీబాడీ ఉమ్మడి ఆల్ఫా గొలుసు వైపు మొగ్గితే, టీఎస్‌హెచ్ అనుకుని ఎల్‌హెచ్‌ను కొలుస్తున్నామా అన్న అనుమానం మిగిలిపోతుంది. నేను వాడిన కిట్ మాన్యువల్‌లో ఈ విషయంపై ఒకే ఒక వాక్యం ఉంది: ఇతర హార్మోన్లతో గణనీయమైన సంకరం (వాటినీ టీఎస్‌హెచ్‌గా పొరబడటం) కనిపించలేదు. ఏ హార్మోన్‌తో, ఎంత మోతాదులో చూశారో రాయలేదు. వివరాలు అడుగుతూ మెయిల్ పెడితే అదే మాన్యువల్ పేజీని మళ్లీ పంపించారు.

ముందుగా టీఆర్‌హెచ్ పొడి సంగతి ముగిస్తాను, ఎందుకంటే ఈ మూడింటిలో తక్కువ ఫిర్యాదు ఉన్నది దాని మీదే. పైరోగ్లుటమిక్ ఆమ్లం, హిస్టిడిన్, ప్రోలినమైడ్ అనే మూడు ముక్కల చిన్న పెప్టైడ్ అది. దాన్ని గుర్తించడానికి రోజర్ గిల్లెమిన్ బృందం గొర్రెల మెదళ్ల నుంచి, ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్ల నుంచి లక్షల సంఖ్యలో హైపోథలామస్ ముక్కలను సేకరించి, చివరికి మిల్లీగ్రాముల్లో మాత్రమే శుద్ధ పదార్థాన్ని రాబట్టగలిగారు. నిర్మాణం 1969లో తేలింది. 1977లో వారిద్దరితోపాటు నోబెల్ పంచుకున్న రోసలిన్ యాలో, రేడియోధార్మిక పదార్థాన్ని, యాంటీబాడీలను వాడే రేడియో ఇమ్యునో అస్సే అనే కొలత పద్ధతిని అభివృద్ధి చేసిన శాస్త్రవేత్త. హార్మోన్‌ను కనుగొన్నవారికీ, హార్మోన్లను కొలవడం నేర్పినవారికీ ఒకే ఏడాది ఒకే బహుమతి దక్కడం నాకు ఎప్పుడూ సముచితంగానే తోస్తుంది. అంత కష్టపడి తీసిన పదార్థం ఇప్పుడు కృత్రిమంగా తయారై చిన్న సీసాలో, తెల్లని పొడిగా, ఒక ధ్రువపత్రంతో సహా వస్తుంది.

ఆ ధ్రువపత్రాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. అందులో చూపే శుద్ధత, పొడిలోని పెప్టైడ్ భాగంలో ఇతర పెప్టైడ్లు ఎంత తక్కువగా ఉన్నాయో చెబుతుంది. పొడి మొత్తం బరువులో పెప్టైడ్ ఎంత అన్నది వేరే సంగతి. నీరు, అసిటేట్ వంటివి కూడా ఆ బరువులో కలిసి ఉంటాయి. నేను కొన్న సీసాకు రెండవ అంకె ఇవ్వలేదు, అడిగాక ఇచ్చారు. మోతాదును ఎలుక బరువును బట్టి మైక్రోగ్రాముల్లో లెక్కగట్టేవారికి ఈ అంకె లేకుండా లెక్క కుదరదు. ఇది మినహాయిస్తే పొడి సెలైన్‌లో వెంటనే కరిగింది, ఏ సీసా తీసినా జంతువుల్లో ఒకే తీరుగా పనిచేసింది. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకోవడం మేలు. ఎలుక సీరంలో టీఆర్‌హెచ్‌ను ప్రత్యేకంగా ముక్కలు చేసే ఎంజైమ్ ఉంది కాబట్టి రక్తంలో అది నిమిషాల్లోనే కరిగిపోతుంది. అందుకే ఇంజెక్షన్ వేగంగా, సిరలోకి నేరుగా ఇవ్వాలి.

ఇక అసలు కిట్. డబ్బాలో యాంటీబాడీ పూసిన 96 వెల్స్ (చిన్న గుంతలు) ప్లేటు, ఎండబెట్టిన స్టాండర్డ్ (కొలతకు ప్రమాణంగా వాడే, మోతాదు తెలిసిన టీఎస్‌హెచ్), బయోటిన్ తగిలించిన రెండవ యాంటీబాడీ, రంగు తెప్పించే ఎంజైమ్, దాని ద్రావణం, చర్యను ఆపే ఆమ్లం ఉంటాయి. చివరలో 450 నానోమీటర్ల దగ్గర రంగు సాంద్రతను చదవాలి. ప్యాకింగ్ చక్కగా ఉంది, సీసాలపై లేబుళ్లు స్పష్టంగా ఉన్నాయి, మూతల రంగులు వేరువేరుగా ఉండటం వల్ల గందరగోళానికి తావు లేదు. స్టాండర్డ్ వక్రరేఖ ప్రతిసారీ అందంగానే వచ్చింది. అయితే స్టాండర్డ్ అంటే కంపెనీ తానే తయారుచేసి, తాను ఎంచుకున్న బఫర్‌లో కరిగించమన్న ప్రోటీన్. దానిపై వక్రరేఖ సవ్యంగా రావడం ఆ కిట్ తనకు తాను రాసుకున్న ప్రశ్నపత్రంలో ఉత్తీర్ణత సాధించడం లాంటిది. ఎలుక సీరంలో ఏం జరుగుతుందో చూడాలంటే జవాబు ముందే తెలిసిన సీరం కావాలి, అది ఎలుక దగ్గరే దొరుకుతుంది.

అలాంటి సీరాలు మూడు రకాలు. మొదటిది థైరాయిడ్‌ను అణచిన ఎలుకలది. ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మందును తాగే నీటిలో కలిపి రెండు మూడు వారాలు ఇస్తే టీ4 పడిపోతుంది, పీయూష గ్రంథిపై అణచివేత తొలగిపోతుంది, టీఎస్‌హెచ్ పలు రెట్లు పెరుగుతుంది. ఎలుకలో ఈ మార్పు మనిషిలో కంటే చాలా త్వరగా వస్తుంది. మనిషి రక్తంలో టీ4 సగానికి తగ్గడానికి దాదాపు వారం పడితే, ఎలుకలో ఒక రోజు లోపే ఆ పని జరుగుతుంది. రెండవది టీ4 ఇంజెక్షన్లు ఇచ్చిన ఎలుకలది. ఇక్కడ టీఎస్‌హెచ్ దాదాపు అడుగంటాలి. మూడవది టీఆర్‌హెచ్ ఇచ్చిన ఎలుకలది. ఇంజెక్షన్‌కు ముందు తీసిన రక్తానికీ, పది పదిహేను నిమిషాల తరువాత తీసిన రక్తానికీ మధ్య స్పష్టమైన ఎగుబాటు కనిపించి, గంట రెండు గంటల్లో అది దిగిపోవాలి.

మొదటి సీరంతో కిట్ బాగా పనిచేసింది. విలువలు స్టాండర్డ్ వక్రరేఖ పై భాగంలో పడ్డాయి. సీరాన్ని రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పలుచన చేస్తూ పోతే విలువలు కూడా అదే నిష్పత్తిలో తగ్గాయి. దీని అర్థం యాంటీబాడీ సీరంలోని అసలైన టీఎస్‌హెచ్‌ను, స్టాండర్డ్‌లోని టీఎస్‌హెచ్‌ను ఒకే విధంగా చూస్తున్నదని. ఈ పరీక్షలో కూడా తప్పే కిట్లు బజారులో ఉన్నాయి కాబట్టి ఈ మేరకు తయారీదారులను మెచ్చుకోవాలి.

టీఆర్‌హెచ్ ఇచ్చిన ఎలుకల్లోనూ కిట్ నిరాశపరచలేదు. పీయూష గ్రంథిలో టీఎస్‌హెచ్ తయారుచేసే థైరోట్రోఫ్ కణాలపై టీఆర్‌హెచ్ గ్రాహకాలు ఉంటాయి. హార్మోన్ తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది, ముందే నిల్వ ఉన్న టీఎస్‌హెచ్ బయటకు పొంగుతుంది; ఆ తరువాతే కొత్త టీఎస్‌హెచ్ తయారీ వేగం అందుకుంటుంది. పదిహేనవ నిమిషపు శిఖరం ఆ నిల్వ సరుకుది. మామూలు ఎలుకల్లో శిఖరాన్ని కిట్ స్పష్టంగా చూపింది. థైరాయిడ్ అణచిన ఎలుకల్లో శిఖరం మరింత ఎత్తుగా వచ్చింది. టీ4 ఇచ్చిన ఎలుకల్లో టీఆర్‌హెచ్ ఇచ్చినా శిఖరం లేవలేదు. ఈ మూడూ పాఠ్యపుస్తకం చెప్పినట్టే ఉన్నాయి. పీయూష గ్రంథి టీ4ను లోపలికి తీసుకుని, తన దగ్గరున్న డీఅయోడినేజ్ ఎంజైమ్‌తో టీ3గా మార్చుకుని, ఆ టీ3 చేత టీఎస్‌హెచ్ బీటా జన్యువును అణచివేయిస్తుంది. అలా అణిగిన కణం టీఆర్‌హెచ్ పిలుపుకు కూడా పలకదు. దాన్ని కిట్‌లో చూడటం వరకు బాగుంది.

చిక్కంతా ఆ చివరి గుంపు దగ్గరే మొదలైంది. టీ4 ఇచ్చిన ఎలుకల సీరంలో టీఎస్‌హెచ్ దాదాపు ఉండకూడదు. కిట్ మాత్రం ప్రతి సీరానికీ ఒక విలువ ఇచ్చింది. ఆ విలువ మామూలు ఎలుకల కనిష్ఠ విలువలతో కలిసిపోయింది. మాన్యువల్‌లో రాసిన కనిష్ఠ పరిమితికి అది పైనే ఉన్నందువల్ల, అంతకుమించి పరీక్షించనివారు ఆ సంఖ్యను నిజమైన టీఎస్‌హెచ్‌గానే నమోదు చేస్తారు. నిజానికి అది సీరంలోని ఇతర ప్రోటీన్లు ప్లేటుకు అంటుకోవడం వల్ల వచ్చే నేపథ్యపు రంగు. కంపెనీ కనిష్ఠ పరిమితిని బఫర్‌లో లెక్కించింది. సీరంలో లెక్కిస్తే ఆ పరిమితి గణనీయంగా పైకి జరుగుతుంది. మామూలు ఆడ ఎలుకల మూలస్థాయి (ఏమీ ఇవ్వకముందు ఉండే) విలువలు చాలావరకు ఆ నేపథ్యం అంచులోనే పడుతున్నాయి. ఎలుకల్లో మగవాటికంటే ఆడవాటి టీఎస్‌హెచ్ సాధారణంగా తక్కువ కాబట్టి, ఆడ ఎలుకల్లో టీఎస్‌హెచ్‌ను తగ్గించే పదార్థాన్ని ఈ కిట్‌తో పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. కానీ టీఎస్‌హెచ్ తగ్గుదలే ప్రశ్న అయిన ప్రయోగాలు తక్కువేమీ కావు. సొమటోస్టాటిన్, డోపమిన్ రెండూ టీఎస్‌హెచ్‌ను అణచివేస్తాయి. ఒత్తిడి తగ్గిస్తుంది. ఉపవాసం కూడా తగ్గిస్తుంది: ఆహారం లేనప్పుడు కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది, హైపోథలామస్‌లోని పారావెంట్రిక్యులర్ కేంద్రంలో టీఆర్‌హెచ్ తయారీ మందగిస్తుంది, టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ పెరగదు. విషప్రభావ పరీక్షల్లో గ్లూకోజు కోసం ఎలుకలను రాత్రంతా పస్తు ఉంచి తెల్లవారి రక్తం తీయడం ఆనవాయితీ. అదే రక్తంలో టీఎస్‌హెచ్ కొలిస్తే మందు ప్రభావంతోపాటు పస్తు ప్రభావం కూడా ఆ అంకెలో కలుస్తుంది. కిట్ కింది భాగం గుడ్డిదైతే ఈ రెంటిలో ఏదీ కనబడదు. తేడా ఏమీ లేదని నివేదిక రాసి పంపేస్తారు.

కింది భాగపు గుడ్డితనం వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది, అది రక్తం లెక్క. ఎలుకకు కిలో బరువుకు సుమారు 64 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 250 గ్రాముల ఎలుకలో మొత్తం 16 మిల్లీలీటర్లు. ఒక విడతలో అందులో పదో వంతుకు మించి తీయకూడదన్నది అందరూ పాటించే నియమం, అంటే 1.6 మిల్లీలీటర్లు. ఈ కిట్ వెల్‌కు 100 మైక్రోలీటర్ల సీరం అడుగుతుంది. జంట వెల్స్‌కు 200 మైక్రోలీటర్లు. దానికి అర మిల్లీలీటరుకు కొంచెం అటూఇటూగా రక్తం కావాలి. టీఆర్‌హెచ్‌కు ముందు ఒకసారి, పదిహేనవ నిమిషంలో ఒకసారి, అరవయ్యవ నిమిషంలో ఒకసారి తీస్తే అనుమతించిన రక్తమంతా టీఎస్‌హెచ్‌కే సరిపోతుంది. టీ4కు, ప్రొలాక్టిన్‌కు చుక్క మిగలదు. సీరాన్ని పలుచన చేసి వాడదామంటే మూలస్థాయి విలువ నేపథ్యంలో మునిగిపోతుంది. చిట్టెలుకల మీద పనిచేసేవారు ఈ లెక్కను చూసి కిట్ ఆలోచనే మానుకుంటే మంచిది. చిన్న పూసలకు యాంటీబాడీలు తగిలించి ఒకే బొట్టులో అనేక పీయూష హార్మోన్లను కొలిచే మల్టీప్లెక్స్ పద్ధతి వారికి తగినది, ఆ యంత్రం అందుబాటులో ఉంటే. ఖర్చు ఎక్కువే అయినా జంతువుల సంఖ్య తగ్గుతుంది, జంతు ప్రయోగాలను ఆమోదించే నైతిక సంఘం ముందు జవాబు చెప్పుకోవడమూ సులువవుతుంది.

ప్లేటు ఎంతమందికి సరిపోతుందన్నది కూడా కొనేముందు లెక్కించుకోవాలి. ఖాళీ వెల్‌తో కలిపి ఎనిమిది స్టాండర్డ్‌లకు 16 వెల్స్, రెండు నియంత్రణ సీరాలకు (సరిచూసుకోవడానికి వేసే, జవాబు తెలిసిన సీరాలు) నాలుగు వెల్స్ పోతే 76 మిగులుతాయి, అంటే 38 నమూనాలు. ఎలుకకు మూడు నమూనాల చొప్పున ఒక ప్లేటులో పన్నెండు ఎలుకలు మాత్రమే పడతాయి. నాలుగు గుంపుల మామూలు ప్రయోగానికి ఒక ప్లేటు చాలదు. రెండు మూడు ప్లేట్లు అవసరమైనప్పుడు అవన్నీ ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి) అయి ఉండాలని ఆర్డరులోనే రాయించుకోవాలి, ఎందుకంటే ఈ కిట్‌లో లాట్ మారితే మూలస్థాయి విలువలు కూడా మారుతున్నాయి. ఒక ఎలుక మూడు నమూనాలను రెండు ప్లేట్లకు విడదీయడం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

ప్రొలాక్టిన్ కిట్‌ను ఇందులోకి ఎందుకు తెచ్చానంటే, టీఆర్‌హెచ్‌కు పెట్టిన పేరులో థైరాయిడ్ ఒక్కటే ఉన్నా దాని పని అక్కడితో ఆగదు. ఎలుక పీయూష గ్రంథి కణితి నుంచి తెచ్చిన జీహెచ్3 కణాల మీద తాష్జియన్ బృందం 1971లోనే చూపిన విషయం ఇది: టీఆర్‌హెచ్ తగిలితే ఆ కణాలు ప్రొలాక్టిన్‌ను ఎక్కువ చేస్తాయి, గ్రోత్ హార్మోన్‌ను తక్కువ చేస్తాయి. ప్రాణమున్న ఎలుకలో ఈ కథ ఇంత సూటిగా నడవదు. అక్కడ ప్రొలాక్టిన్‌ను హైపోథలామస్ నుంచి వచ్చే డోపమిన్ ఎప్పుడూ తొక్కిపెట్టి ఉంచుతుంది. మగ ఎలుకలో టీఆర్‌హెచ్ ఇచ్చినా ప్రొలాక్టిన్ స్పందన చిన్నది, ఒక్కోసారి కనబడదు కూడా. ఈస్ట్రోజెన్ పీయూష గ్రంథిలో టీఆర్‌హెచ్ గ్రాహకాలను పెంచుతుంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఎలుకల్లో స్పందన బలంగా వస్తుంది. గ్రోత్ హార్మోన్ విషయం ఇంకా విచిత్రం. కోళ్లలో టీఆర్‌హెచ్ దాన్ని పెంచుతుంది. మనుషుల్లో ఆరోగ్యవంతులకు ఏమీ చేయదు గానీ ఆక్రోమెగలీ (గ్రోత్ హార్మోన్ మితిమీరే జబ్బు) ఉన్నవారిలో చాలామందికి పెంచుతుంది. ఒకే మూడు ముక్కల పెప్టైడ్, ఒకే గ్రంథి, జంతువును బట్టీ స్థితిని బట్టీ ఇన్ని రకాల జవాబులు.

ఈ కిట్లలో నాకు బాగా నచ్చింది ప్రొలాక్టిన్ కిట్. సీరాన్ని పది ఇంతలు పలుచన చేసినా పనిచేస్తుంది, కాబట్టి రక్తం బెంగ లేదు. నేపథ్యం తక్కువ. ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఆడ ఎలుకల్లో టీఆర్‌హెచ్ శిఖరాన్ని నిక్కచ్చిగా చూపింది. లోపమేమైనా కనిపిస్తే అది ఎక్కువగా ఎలుకను పట్టుకునే చేతిలోనే ఉంటుంది: ఎలుకలో ప్రొలాక్టిన్ ఒత్తిడికి పెరుగుతుంది, టీఎస్‌హెచ్ ఒత్తిడికి తగ్గుతుంది. బోను కదిపి, పరాయి గదికి మోసుకెళ్లి, తోక కోసి రక్తం తీస్తే టీఆర్‌హెచ్ ఇవ్వకముందే ప్రొలాక్టిన్ పైకి పోయి ఉంటుంది, టీఎస్‌హెచ్ కిందికి దిగి ఉంటుంది. మెడ సిరలో ముందుగానే గొట్టం అమర్చి, ఎలుక కోలుకుని, మనిషికి అలవాటు పడ్డాక, దాన్ని ముట్టుకోకుండా బోను బయటి నుంచి రక్తం తీసేవారికే ఈ రెండు హార్మోన్లూ సరిగ్గా కనిపిస్తాయి. కిట్ మాన్యువల్‌లో సీరం తీసే పద్ధతి గురించి రెండు పేరాలున్నాయి. అందులో ఒత్తిడి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. పగటి వేళ గురించీ లేదు. ఎలుకలో టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు, వెలుతురు వేళ శిఖరానికి చేరి తరువాత దిగుతుంది. ఒక గుంపుకు ఉదయం, ఒక గుంపుకు సాయంత్రం రక్తం తీసేవారికి తేడా తప్పక కనబడుతుంది, మందు లేకుండానే.

మాన్యువల్ హెచ్చరించి మంచి చేసిన సంగతి ఒకటుంది, ఎర్రబడిన సీరాన్ని వాడవద్దని. హీమోగ్లోబిన్ తానే పెరాక్సిడేజ్ (రంగు తెప్పించే ఎంజైమ్) లాగా ప్రవర్తించి రంగు తెప్పించగలదు. పై కారణంతో నేపథ్యం ముందే ఎక్కువగా ఉన్న టీఎస్‌హెచ్ ప్లేటులో ఆ కొంచెం ఎరుపు కూడా అబద్ధపు విలువ అవుతుంది.

యూనిట్ల గురించి ఒక ఫిర్యాదు. ఎలుకల టీఎస్‌హెచ్‌కు పరిశోధకులు దశాబ్దాలుగా వాడుతూ వచ్చినవి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల కార్యక్రమం పంచిన ప్రామాణిక పదార్థాలు, వాటితోపాటు వచ్చే యాంటీబాడీలు. వాటితో చేసే రేడియో ఇమ్యునో అస్సేకు రేడియోధార్మిక అయోడిన్-125 కావాలి, దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి, అందుకే చాలామంది ఎలైసాకు మారారు. మారడంలో తప్పు లేదు. కానీ ఈ కిట్ స్టాండర్డ్‌ను ఆ పాత ప్రామాణిక పదార్థంతో పోల్చి సరిచూసినట్టు ఎక్కడా లేదు. ఫలితంగా ఈ కిట్ ఇచ్చే నానోగ్రాములకూ పాత వ్యాసాల్లోని నానోగ్రాములకూ సంబంధం లేదు. ఒక ప్రయోగంలో గుంపుల మధ్య నిష్పత్తి చెప్పుకోవచ్చు. సంఖ్యను మాత్రం బయటి సంఖ్యతో పోల్చరాదు. ప్రయోగశాలలో తరతరాల డేటాను ఒక వరుసలో పెట్టుకోవాలనుకునేవారికి ఇది పెద్ద ఇబ్బంది.

ఏ కిట్‌నూ తప్పుపట్టలేని పరిమితి కూడా ఒకటుంది, అయినా కొనేవారు తెలుసుకోవాలి. ఎలైసా యాంటీబాడీ టీఎస్‌హెచ్ ఆకారాన్ని గుర్తిస్తుంది. అది థైరాయిడ్‌ను ఎంత బలంగా కదిలిస్తుందో దానికి తెలియదు. టీఎస్‌హెచ్ గొలుసులకు చక్కెర అణువుల కొమ్మలు తగిలి ఉంటాయి, ఆ అమరిక సరిగ్గా ఉండాలంటే టీఆర్‌హెచ్ కావాలి. జపాన్‌లోని గున్మా విశ్వవిద్యాలయ బృందం 1997లో టీఆర్‌హెచ్ జన్యువు లేని చిట్టెలుకలను ప్రకటించినప్పుడు అందరినీ ఆశ్చర్యపరచింది ఇదే. టీఆర్‌హెచ్ లేకపోతే టీఎస్‌హెచ్ పడిపోవాలి కదా, వాటి రక్తంలో టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువే ఉంది, థైరాయిడ్ హార్మోన్ మాత్రం తక్కువ. కారణం ఆ టీఎస్‌హెచ్‌కు జీవక్రియా శక్తి తక్కువగా ఉండటం. అలాంటి జంతువు సీరాన్ని ఈ కిట్‌లో వేస్తే టీఎస్‌హెచ్ పుష్కలంగా ఉన్నట్టే చూపుతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఒక్కటే కొలిచి ఆగకూడదు, దాని పక్కన టీ4 తప్పక ఉండాలి. రెండింటినీ కలిపి చదివితేనే ఎక్కడ తేడా ఉందో అంచనా దొరుకుతుంది.

సరఫరా, సేవ గురించి కొద్దిగా. కిట్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ప్రయాణించాలి. మాకు వచ్చిన పెట్టెల్లో ఒకటి మే నెలలో కరిగిపోయిన జెల్ ప్యాకులతో చేరింది. ఉష్ణోగ్రతను నమోదు చేసే పట్టీ లేదు. పంపిణీదారు మర్యాదగానే మాట్లాడారు, మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నారు, కానీ అప్పటికే జంతువుల రక్తం తీసే తేదీ దగ్గర పడింది. వేసవిలో తెప్పించుకునేవారు పట్టీ పెట్టమని ముందే కోరాలి, వీలైతే జూన్ తరువాతే ఆర్డరు పెట్టాలి. సాంకేతిక సహాయం పేరుకు మాత్రమే ఉంది. పిపెట్ సరిగా వాడారా, ప్లేటు బాగా కడిగారా అనే ప్రశ్నల జాబితా వెంటనే వస్తుంది. టీ4 ఇచ్చిన ఎలుకల సీరంలో విలువ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

నా తూకం ఇలా ఉంది. టీఆర్‌హెచ్ ఉద్దీపన పరీక్ష చేసేవారికి, థైరాయిడ్‌ను అణచే రసాయనాల వల్ల టీఎస్‌హెచ్ పెరుగుతున్నదా అని చూసేవారికి ఈ టీఎస్‌హెచ్ కిట్ చాలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పెంచే విస్టార్ ఎలుకలైనా, మరెక్కడి ఎలుకలైనా సరే, ముందుగా ఒక ప్లేటు కొని, తమ జంతువుల్లోనే ప్రొపైల్‌థయోయురాసిల్ సీరం, టీ4 సీరం తయారుచేసి, చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి దాచుకుని, ప్రతి ప్లేటులోనూ ఆ రెండింటినీ నియంత్రణలుగా వాడితే సరిపోతుంది. కంపెనీ ఇచ్చే నియంత్రణ సీసాలకంటే ఇవే నమ్మదగినవి. టీఎస్‌హెచ్‌ను తగ్గించే పదార్థాలపై పనిచేసేవారు, ఆడ ఎలుకల మూలస్థాయి కావలసినవారు, చిట్టెలుకలపై పనిచేసేవారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. టీఎస్‌హెచ్ కిట్‌కు ఐదింట రెండున్నర, ప్రొలాక్టిన్ కిట్‌కు నాలుగు, టీఆర్‌హెచ్ పొడికి నాలుగు ఇస్తున్నాను. కంపెనీ కనిష్ఠ పరిమితిని ఎలుక సీరంలోనే లెక్కగట్టి మాన్యువల్‌లో ముద్రించిన రోజున మొదటి అంకెను పెంచడానికి నాకు అభ్యంతరం లేదు.